గ్రహశకలం ఢీకొనే శాతాలు రోజూ బయటపెట్టాలా?

కృష్ణాతీరం:
2024 వైఆర్4 అనే గ్రహశకలం గొడవ గుర్తుందిగా. 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొట్టే అవకాశం ఒక శాతం దాటిందని 2025 జనవరి చివర్లో చెప్పారు. ఫిబ్రవరి 18కి నాసా లెక్క 3.1 అయింది. వారంలోపే దాదాపు సున్నాకు వచ్చేసింది. ఈలోగా అది పడే వీలున్న ముప్పు పట్టీలో ముంబై, కోల్‌కతా ఉన్నాయంటూ మన చానళ్లు ఎర్రక్షరాలతో ఊదరగొట్టాయి. రేపు నిజంగా ఏదైనా వస్తుంటే ఎవరు నమ్ముతారు? నాన్నా పులి కథే అవుతుంది. నాలుగైదు నెలలు పరిశీలించి, అంకె నిలకడయ్యాక చెప్పాలి. అప్పటిదాకా అది నిపుణుల మధ్యే ఉండాలన్నది నా వాదన.

నింగిచూపు:
ఒప్పుకోను. నిపుణుల మధ్యే ఉంచడం ఎలా కుదురుతుంది? ప్రపంచంలో ఏ టెలిస్కోపు చూసినా ఆ కొలతలు అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్‌కు వెళ్తాయి, అక్కణ్నుంచి అందరికీ అందుతాయి. నాసా ప్రయోగశాల జేపీఎల్ ఒక లెక్క వేస్తుంది, యూరప్ అంతరిక్ష సంస్థ ఇంకోటి, ఇటలీలో పీసా వాళ్లు మరోటి. సాఫ్ట్‌వేర్ తెలిసిన ఎవరైనా ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. నాసా నోరు మూసుకుంటే ఆ ఖాళీని యూట్యూబ్ నింపుతుంది.

ఇక మీ నాలుగైదు నెలల సంగతి. చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు దీన్ని 2024 డిసెంబర్ 27న పట్టుకుంది. అప్పటికే అది భూమికి దగ్గరగా వచ్చి వెళ్లిపోయి రెండు రోజులు. అక్కడి నుంచి దూరమవుతూ, రోజురోజుకీ మసకబారుతూ పోయింది. వేసవి వచ్చేసరికి నేల మీది టెలిస్కోపులకు అందే పరిస్థితి లేదు. మళ్లీ బాగా కనిపించేది 2028లోనే. మీరు ఆగమంటున్న ఆ నెలల్లోనే పెద్ద టెలిస్కోపుల సమయం అడిగి తెచ్చుకోవాలి. ముప్పు ఎంతో చెప్పకుండా అడిగితే ఎవరిస్తారు?

కృష్ణాతీరం:
పరిశీలన ఆపమని నేను అనలేదండీ. టెలిస్కోపు వాళ్లకు చెప్పండి, టీవీ వాళ్లకు వద్దు అంటున్నాను.

లెక్కలపంతులు:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. శాతం పెరిగిందని జనం భయపడ్డారు. కానీ అది పెరగడం మామూలే, పెరిగి ఆ తర్వాత పడిపోవచ్చని యూరప్ వాళ్లు ముందే చెప్పారు కూడా.

కొద్దిరోజుల కొలతలతో కక్ష్య ఒక్క గీతగా దొరకదు. ఆ 2032 తేదీన శకలం ఉండగల చోట్లన్నీ కలిపితే చాలా పొడవైన సన్నటి పట్టీ వస్తుంది. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. అర్థం కావడానికి, పట్టీ పొడవు పది లక్షల కిలోమీటర్లు అనుకోండి. అందులో భూమి వాటా 1.3 శాతం. కొత్త కొలతలతో పట్టీ నాలుగు లక్షలకు కుదించుకుపోయి, భూమి ఇంకా లోపలే ఉంటే వాటా 3 దాటుతుంది. ఇక్కడ శకలం దారి మారలేదు, మన అజ్ఞానం తగ్గింది, అంతే. పట్టీ ఇంకాస్త తగ్గి భూమి దాని బయట పడగానే శాతం ఒక్కసారిగా కూలుతుంది. ఫిబ్రవరి 18 తర్వాత జరిగింది అదే. అంకె ఇవ్వండి, కానీ దాని కింద ఈ నాలుగు ముక్కలూ లేకుండా ఇవ్వొద్దు.

మొహమాటంలేదు:
అంకె ఇవ్వకపోతే ఏమవుతుందో 1998లోనే చూశాం. మార్చి 11న 1997 ఎక్స్‌ఎఫ్11 అనే శకలం 2028లో భూమికి చాలా దగ్గరగా రాబోతోందని, ఢీకొనే అవకాశాన్నీ కొట్టిపారేయలేమని ప్రకటించారు. శాతం ఎంతో చెప్పలేదు. ప్రపంచమంతా గోల. మర్నాడే 1990 నాటి పాత ఫొటోల్లో అది దొరికింది, దాదాపు పది లక్షల కిలోమీటర్ల దూరంలో పోతుందని తేలింది. ఆ ఫొటోలు లేకపోయినా, చేతిలో ఉన్న కొలతలతోనే సరిగ్గా లెక్కేస్తే ఢీకొనే అవకాశం లేనట్టేనని జేపీఎల్ వాళ్లు చూపించారు. అంటే అక్కడ తొందర కన్నా లెక్క లేకపోవడమే కొంప ముంచింది. మరుసటి ఏడాదే ఢీకొనే ముప్పును కొలిచే టొరినో స్కేలు ఒప్పుకున్నారు. సున్నా నుంచి పది దాకా ఉండే ఆ స్కేలు మీద వైఆర్4 మూడుకు చేరింది. నాలుగుకు చేరింది ఇప్పటిదాకా అపోఫిస్ అనే శకలం ఒక్కటే.

నింగిచూపు:
ఆ అపోఫిస్ సంగతి ఇంకా చిత్రం. 2029లో ఢీకొనే అవకాశం 2.7 శాతమని 2004 డిసెంబర్ 27న వచ్చింది. అంటే సునామీ మర్నాడు. మన కోస్తాలో జనం తమవాళ్ల కోసం వెతుక్కుంటున్నారు, ఆకాశం సంగతి ఎవరికి పట్టింది? అదే రోజు ఆ మార్చి నాటి పాత చిత్రాల్లో అపోఫిస్ దొరికి, 2029 భయం పోయింది. అంకె అందరికీ కనిపించేలానే ఉంది, కానీ టెన్షన్ పుట్టలేదు. కాబట్టి టెన్షన్ పుట్టించేది అంకె కాదు, చానల్.

కృష్ణాతీరం:
2004లో వాట్సాప్ లేదు కదండీ. ఆ ఉదాహరణ ఇప్పటికి చెల్లదు.

దుర్భిణి:
శాతాల మీద ఇంత వాదన, బాగానే ఉంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి పేలింది. ముందు రోజు దాకా దానికి శాతమే లేదు, ఎందుకంటే సూర్యుడి దిక్కు నుంచి వచ్చింది, ఎవరికీ కనపడలేదు. దాదాపు 1,500 మందికి దెబ్బలు తగిలాయి, ఎక్కువమందికి కిటికీ అద్దాలు పగిలే. వెలుగు చూసి కిటికీ దగ్గరికి వెళ్లినవాళ్లకు కాస్త ఆగి పేలుడు అల తగిలింది. మెరుపు చూస్తే అద్దాలకు దూరంగా జరగాలని మన ఎన్ని బళ్లలో చెప్తారు? నాకైతే ఆ ఒక్క వాక్యం ఈ చర్చ మొత్తం కన్నా పనికొస్తుంది.

లెక్కలపంతులు:
దుర్భిణి గారూ, అది వేరే చర్చకు పెట్టండి, నేనూ వస్తాను. కృష్ణాతీరం గారూ, ఒక మధ్యేమార్గం చెప్తాను. నాసా అంకె పెట్టినరోజే ఇస్రో నుంచో, హైదరాబాద్ బిర్లా ప్లానిటోరియం నుంచో తెలుగులో నాలుగు లైన్ల వివరణ వస్తే మీకు అభ్యంతరమా?

కృష్ణాతీరం:
అదొస్తే నా వాదనలో సగం వదులుకుంటాను. మిగతా సగం వదలను. వివరణ ఎవరూ ఫార్వర్డ్ చేయరు, అంకె మాత్రమే చేస్తారు.

మొహమాటంలేదు:
పరీక్ష ఎలాగూ దగ్గర్లోనే ఉంది. అపోఫిస్ 2029 ఏప్రిల్ 13న నేలకు సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తులో పోతుంది, ప్రమాదమేమీ లేదు. పాశ్చాత్యులకు అది అశుభమనుకునే శుక్రవారం పదమూడు. మనకు అప్పటికి 14 తెల్లవారుజాము, శనివారం. శనివారం అంటే ఇక మన చానళ్లకు జ్యోతిష్కుల్ని వెతుక్కునే పనే ఉండదు, వాళ్లే వచ్చి కూర్చుంటారు.