రాబోయే ఇండీ (చిన్న టీములు సొంతంగా చేసే) ఫాంటసీ గేమ్స్ గురించి మీకు ముందే ఎలా తెలుస్తోంది?

సిల్క్‌సాంగ్ అనే ఇండీ గేమ్ పూర్తిచేశాక పెద్ద కంపెనీల గేమ్స్ మీదకి మనసు పోవట్లేదండీ. వేలు పోసి కొన్నాక కూడా లోపల కత్తికో రేటు, కిరీటానికో రేటు! మంచి పేరున్న తమ గేమ్ స్టూడియో టాంగో గేమ్‌వర్క్స్‌నే 2024లో మూసేస్తామంది మైక్రోసాఫ్ట్. ఇక వాళ్ల కక్కుర్తికి అంతెక్కడుంది?

పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ పెట్టే నెక్స్ట్ ఫెస్ట్‌లో, రాబోయే గేమ్స్ ఫ్రీ డెమోలు చూస్తాను. ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లలో ఒక్కసారే వందలకొద్దీ వచ్చిపడతాయి, వడపోయడం నా వల్ల కావట్లేదు. ఏ ట్యాగ్‌లు పెట్టి వెతకాలి? నమ్మదగిన యూట్యూబర్లెవరు? పుణె వాళ్లు 2020లో తెచ్చిన 'రాజీ' గేమ్‌లా పురాణాల వాసన ఉంటే మరీ ఇష్టం. లాప్‌టాప్ పాతది, గ్రాఫిక్స్ కార్డు లేదు.

(2025లో డబ్బు పందేల ఆటలపై కేంద్రం చట్టం తెచ్చినప్పటి నుంచి మా నాన్నగారు నన్నూ రమ్మీ బ్యాచ్‌లో కలిపేశారు. అది వేరే గోల.)