వేలు తీసేయాలంటున్నారు, ఇంకో దారి ఉందా?

ప్రశ్న:
నాన్నకు 68 ఏళ్లు. షుగర్ ఉంది, సిగరెట్ మానలేదు. ఇదివరకు కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేసేది, ఆగితే తగ్గేది. ఇప్పుడు పడుకున్నా ఎడమ పాదం మండిపోతోంది. మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే గానీ కునుకు పట్టదు. బొటనవేలి మీద పుండు నల్లబడింది. వేలు తీసేయాలన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. వేరే దారేమైనా ఉందా?

జవాబు:
అమ్మా, నేనూ ఈ నొప్పి పడ్డవాణ్ణే. కాలు వేలాడేస్తే తగ్గుతోందంటే పాదానికి రక్తం సరిగా చేరడం లేదనే అనుమానించాలి. వేలి సంగతి తర్వాత, ముందు రక్తం ఎంత అందుతోందో కొలిచారా? రక్తం అందని పాదంలో వేలు తీస్తే ఆ కోసిన చోటూ మానదు, ఇంకా పైకి కోయాల్సి వస్తుంది. నాకు మోకాలి కింద మూసుకుపోయిన ధమనిని బెలూన్‌తో తెరిచారు. ఆ తర్వాతే పుండు మానడం మొదలైంది, అదీ చాలా నెమ్మదిగా.

ప్రశ్న అడిగినవారు:
రిపోర్టులో ఏబీఐ 1.3, నార్మల్ అని ఉందండీ.

జవాబు:
ఆ అంకె చూసి ఊరుకోకండి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చేది ఏబీఐ. 0.9 లేదా అంతకన్నా తక్కువైతే అడ్డున్నట్టు. కానీ షుగర్ వాళ్లలో ధమని గోడల్లో కాల్షియం పేరుకుని, పట్టీ బిగించినా నాళం నొక్కుకోదు. అందుకే అంకె ఎక్కువగా వస్తుంది. బొటనవేలి ప్రెషర్ చూడమనండి. నాకు ఏబీఐ బాగానే ఉంది, వేలి దగ్గర ప్రెషర్ మాత్రం 28 (బీపీ కొలిచే mmHgలో). అది 30 కన్నా తగ్గితే కాలికే ముప్పు. డాప్లర్, యాంజియోగ్రామ్ చేసి అడ్డు ఎక్కడుందో చూస్తారు. వాస్కులర్ సర్జన్‌కు, అంటే రక్తనాళాల డాక్టరుకు, ఈ వారంలోనే చూపించండి.

మరొకరి జవాబు:
వాస్కులర్ వార్డులో నర్సుని. బెలూనా, బైపాసా (సిర ముక్కతో అడ్డును తప్పించి రక్తానికి వేరే దారి వేయడం) అన్నది అడ్డు ఎంత పొడవుంది, కాల్లో మంచి సిర ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐ పరిశోధనలో, మంచి సిర ఉన్నవాళ్లకు ముందుగా బైపాస్ చేస్తే ఫలితం మెరుగ్గా కనిపించింది. కాబట్టి రెండింటి గురించీ అడగండి. ఈలోపు పాదానికి వేడి కాపడం పెట్టకండి, బిగుతు సాక్సులు వేయకండి. సిగరెట్ మాత్రం ఈరోజే ఆపించండి, లేకపోతే తెరిచిన నాళం మళ్లీ మూసుకుపోవచ్చు. జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, కాలు ఉన్నట్టుండి చల్లబడి తిమ్మిరెక్కినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.