ట్రెయిలర్ మీద కట్టిన ఏటీవీ: తెగని బెల్టు ఎలా వదులైంది?

ఎర్రమట్టి:
అందరికీ నమస్కారం. మేము డాలస్ శివారులో ఉంటాము, టైలర్ దాటిన తరువాత మాకు కొద్దిపాటి భూమి ఉంది. కంచె పనుల కోసం ఈ మధ్యనే సుమారు 750 పౌండ్ల బరువున్న పాత ఏటీవీ (పొలాల్లో, మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల చిన్న బండి) ఒకటి కొని, 5 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉన్న ఒంటి ఇరుసు ట్రెయిలర్ మీద తీసుకువెళుతున్నాను. పోయిన ఆదివారం ముందు రాక్ మీదుగా ఒకటి, సీటు మీదుగా ఒకటి, మొత్తం 2 రాట్చెట్ బెల్టులు (పిడి ఆడిస్తూ బిగించే పట్టీలు) అడ్డంగా వేసి, చేతనైనంత గట్టిగా బిగించాను. దాదాపు 40 మైళ్ళు వెళ్ళాక గ్యాస్ స్టేషన్‌లో దిగి చూస్తే ముందు బెల్టు వేలాడుతోంది, దాని ఎడమ కొక్కెం రింగులోంచి ఊడి చెక్క మీద పడి ఉంది. పార్క్ గేరులోనే ఉన్న బండి నాలుగు అంగుళాలు పక్కకు జరిగింది. బెల్టు తెగలేదు, రాట్చెట్ తెరుచుకోలేదు. మరి ఇది ఎలా జరిగిందో తెలిసినవారు చెప్పగలరు.

పాతబండి:
ఎర్రమట్టి గారూ, మీరు మన ఊళ్ళో వరిగడ్డి బండికి మోకు బిగించినట్టు కట్టారు. గడ్డిని ఒకసారి అణిచితే అది చాలావరకు అణిగే ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పద్ధతి నడుస్తుంది. ఏటీవీ అలా కాదు, అది నాలుగు స్ప్రింగుల మీద నిలబడిన వస్తువు. గతుకు వచ్చినప్పుడు బండి కిందికి కుంగుతుంది, ఆ క్షణంలో బెల్టులో బిగువు పోతుంది, తెరిచి ఉన్న కొక్కెం తన బరువుకే రింగులోంచి జారిపోతుంది. పైగా రాక్ అనేది సామాను మోయడానికి పెట్టిన సన్నని గొట్టాల చట్రమే తప్ప బండి మొత్తాన్ని ఆపడానికి చేసింది కాదు. మీరు బిగించిన బలంలో కొంత ఆ గొట్టాలు వంగడానికే ఖర్చయి ఉంటుంది.

నాలుగు మూలలకు నాలుగు విడి బెల్టులు వేయండి. ముందు రెండింటిని బంపర్ వెనుక ఛాసిస్‌కు, వెనుక రెండింటిని ఏటీవీ వెనుక కొండి దగ్గరి ఛాసిస్ గొట్టానికి సాఫ్ట్ లూపులతో (మెత్తని పట్టీ ఉచ్చులతో) తగిలించి, ఒక్కొక్కటి ట్రెయిలర్ మూలవైపు ఏటవాలుగా లాగేలా చూడండి. స్ప్రింగులు కొంత అణిగేవరకు బిగిస్తే, గతుకులో బండి ఇంకాస్త కుంగినా బెల్టులో బిగువు మిగిలే ఉంటుంది. అలాగని పూర్తిగా అడుక్కి అణచకండి. కొక్కేలకు నోరు మూసే నాలుక ఉన్న రకం కొనండి, ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. స్టీరింగ్ రాడ్లకు, బ్రేకు గొట్టాలు వెళ్ళే చోట మాత్రం ఏమీ తగిలించకండి.

తూకంరాళ్ళు:
పై సలహాతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ స్ప్రింగులు అణచడం ఒక్కటే మార్గం కాదు. టైరు మీదుగా వల లాగా వేసే బెల్టులతో చక్రాలనే ట్రెయిలర్‌కు కట్టేస్తే, పైన బండి ఎంత ఊగినా బెల్టు వదులవదు. నేను ఆ పద్ధతినే వాడుతున్నాను. ఏ పద్ధతి ఎంచుకున్నా, ముందు చక్రాలకు కట్టి వెనుక ఛాసిస్‌కు కట్టే కలగాపులగం మాత్రం వద్దు.

ఇక బలం సంగతి. బెల్టు చీటీ మీద రెండు అంకెలు ఉంటాయి: తెగే బలం, పనిభారం. పనిభారం సాధారణంగా మొదటిదానిలో మూడో వంతు. అంగుళం వెడల్పు బెల్టు మీద 1,500 అని పెద్ద అక్షరాల్లో ఉంటే మీరు లెక్కలోకి తీసుకోవలసింది 500 పౌండ్లు. వాణిజ్య వాహనాలకు ఉన్న ఫెడరల్ నియమాల ప్రకారం, కట్టు ముందువైపు సరుకు బరువులో 0.8 వంతు, పక్కలకూ వెనక్కూ 0.5 వంతు బలాన్ని తట్టుకోవాలి. సొంత పనికి వెళ్ళేవారికి కూడా అది మంచి కొలబద్ద. మీ 750 పౌండ్లకు ముందువైపు బలం 600 పౌండ్లు అవుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ముందుకు దూకబోతుంది కాబట్టి ఆ బలాన్ని మోసేవి వెనుక ఉన్న 2 బెల్టులే. 45 డిగ్రీల వాలులో ఒక్కొక్కటి వెనక్కి లాగగలిగేది సుమారు 350 పౌండ్లు, రెండూ కలిపి 700. మూలల వైపు బయటికి కూడా లాగుతున్నప్పుడు అది ఇంకా తగ్గుతుంది. అందుకే ముందు టైర్లను ట్రెయిలర్ ముందు కమ్మీకి ఆనించడమో, వాటికి అడ్డు చెక్కలు బిగించడమో చేయాలి.

పార్క్ గేరు, హ్యాండ్ బ్రేకు వేయండి, కానీ వాటిని కట్టుగా లెక్కించకండి. చక్రం తిరగకపోయినా జారుతుందని మీరే చూశారు.

పాతబండి:
అడ్డు చెక్కలు బిగించే ముందు బండి ఎక్కడ నిలవాలో తేల్చుకోండి. ట్రెయిలర్, ఏటీవీ కలిపిన మొత్తం బరువులో 10 నుండి 15 శాతం హిచ్ (ట్రెయిలర్‌ను లాగే వాహనం వెనుక కొండి) మీద పడాలి, అంటే బండి బరువు ఇరుసుకు కొంచెం ముందు ఉండాలి. బరువు వెనక్కి పోతే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, అది బెల్టు ఊడటం కన్నా భయంకరం. మీ ట్రెయిలర్ 900 పౌండ్లనుకుంటే మొత్తం 1,650, హిచ్ మీద పడవలసింది 165 నుండి 248 పౌండ్లు. దీన్ని ఇంట్లో మనుషులు బరువు చూసుకునే తూకంతోనే కొలవవచ్చు: ట్రెయిలర్ ముక్కును హిచ్ ఎత్తులోనే ఉండేలా ఒక కొయ్య దిమ్మె సాయంతో తూకం మీద నిలబెట్టండి. మా ఇంట్లో తూకం గాజు పలక అలాగే పగిలింది కాబట్టి కింద ఒకటి, పైన ఒకటి చెక్క ముక్క వేయడం మరిచిపోకండి.

ఎర్రమట్టి:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న నాలుగు బెల్టులు ఛాసిస్‌కు కట్టి, ముందు టైర్లకు అడ్డు చెక్కలు బిగించి వెళ్ళాను. తూకం మొదట 130 చూపించింది, బండిని ఏడు అంగుళాలు ముందుకు జరిపితే 190 దగ్గర ఆగింది. బెల్టు రాట్చెట్‌లోకి వెళ్ళే చోట మార్కర్‌తో గీత పెట్టుకున్నాను. వాణిజ్య డ్రైవర్లు మొదటి 50 మైళ్ళలోపు ఒకసారి సరుకు చూడాలన్న నియమం ఉందని తెలిసి, నేను 25 మైళ్ళకే ఆగాను. మూడు గీతలు కదలలేదు, వెనుక ఎడమది మాత్రం వేలెడు బయటికి వచ్చింది. రాట్చెట్ ఇరుసుకు బెల్టు ఒక్క చుట్టే పడి ఉంది.

తూకంరాళ్ళు:
కారణం ఆ ఒక్క చుట్టే. కనీసం రెండు మూడు చుట్లు పడితేగాని బెల్టు తన మీద తాను పట్టు చిక్కించుకోదు. బిగించే ముందు మిగులు పొడవును చేత్తో లాగేసి, ఆ తరువాతే రాట్చెట్ తిప్పండి.