పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై 2 ఎక్కించినంక మెమరీ మస్తు తింటుంది, పాత వెర్షన్‌కు వాపస్ పోవాల్నా వద్దా?

జడ్చర్ల_పిక్సెల్:
అన్నలూ, అక్కలూ, ఎంఎస్సీ ప్రాజెక్టు నాది. పాలమూరు దిక్కు యాసంగి వరి ఎంత పచ్చగున్నదో సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోల మీద ఎన్‌డీవీఐ (పచ్చదనం చెప్పే అంకె) తీస్తున్న. మొన్నటిదాంక నంపై 1.26 ఉండె, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాబ్ సిస్టమ్‌ల మెల్లగనన్న నడిచేది. పోయిన వారం 2 ఎక్కించిన, కోడ్‌ల ఒక్క అక్షరం మార్చలే, రన్ కొడితే మొదలు 3 జీబీ కాడ ఆగే మెమరీ ఇప్పుడు 5 దాక పోతుంది, దాని మీద విండోస్, క్రోమ్ కలిసి సిస్టమ్ బిగుసుకపోతుంది, మౌస్ గూడ కదుల్తలేదు. రివ్యూ ఇంక 10 రోజులే ఉంది. మెమరీ లీక్ (వాడినంక మెమరీ వదలకపోవుడు) ఏమన్న ఉందా?

మిర్యాలగూడ_కోడర్:
వాపస్ పో తమ్మీ. నడిచేదాన్ని కదిలియ్యొద్దు. 1.26 వేసుకోని రివ్యూ అయిపోగొట్టు, తర్వాత సంగతి తర్వాత.

నల్లగొండ_నీటిలెక్క:
నేనైతే వద్దంట. లీక్ కాదది. 2024 జూన్‌ల వచ్చిన నంపై 2.0 నుంచి విండోస్ మీద మామూలు ఇంట్ (పూర్ణసంఖ్య) అంటే 64 బిట్లు, అంతకుముందు 32. ఒక్కో అంకెకు 4 బైట్లు పోయి 8 బైట్లయినయ్. లైనక్స్‌ల ఎప్పటినుంచో 8 బైట్లే, విండోసే వెనకబడి ఉండె. నీ కోడ్‌ల యాస్‌టైప్(ఇంట్) అని, అంకెల రకం మార్చేది, ఉంటది చూడు. సెంటినెల్-2 టైల్‌ల (ఒక ఫొటో ముక్కల) 10 మీటర్ల బ్యాండ్ (ఒక రంగు పొర) అంటే 10,980 గుణకారం 10,980, అంటే 12 కోట్ల పైచిలుకు పిక్సెల్స్. ఫైల్‌ల ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్లే. నువ్వు ఇంట్ అంటే పాత వెర్షన్‌ల 480 ఎంబీ, కొత్తదాంట్ల 960. రెండు బ్యాండ్లు, వాటి తేడా, వాటి మొత్తం, ఆఖరికి భాగహారం జవాబు, అన్నీ ఒక్కసారే మెమరీల కూసుంటయ్. ఆఖరిది పాత దాంట్ల గూడ 8 బైట్లే, ఎందుకంటే ఇంట్‌ను ఇంట్‌తో భాగిస్తే ఫ్లోట్64 (8 బైట్ల దశాంశ అంకె) వస్తది. కలిపి చూసుకో, అప్పుడు 2.9 జీబీ, ఇప్పుడు 4.8. నీ టాస్క్ మేనేజర్ చెప్పేది గదే.

జడ్చర్ల_పిక్సెల్:
ఉంది అన్నా, ఆ యాస్‌టైప్ ఉంది. అది తీసేస్తే చెరువుల కాడ జవాబు ఆగమాగం వస్తుంది. నీళ్ల మీద తీసేసేది పెద్దగ ఉంటది గదా, 500 ల నుంచి 800 తీస్తే మైనస్ 300 రావాల్సింది 65,236 వస్తుంది.

నల్లగొండ_నీటిలెక్క:
అవు, ఆ 2 బైట్ల అంకెకు మైనస్ అనేదే తెల్వదు. అందుకే మార్చుడు అవసరమే, కాని ఎంత వెడల్పు కావాల్నో నువ్వే చెప్పాలె. యాస్‌టైప్(ఫ్లోట్32) పెట్టు, అది 4 బైట్ల దశాంశ అంకె. ఐదు అర్రేలు (అంకెల పట్టికలు) కలిసి 2.4 జీబీ, అంటే నీ పాత లెక్క కంటే గూడ తక్కువ. అప్పటికీ బిగుసుకపోతే వెయ్యి వరుసల చొప్పున ముక్కలు చేసి నడుపు, ఒక్కో అర్రే ముక్క 44 ఎంబీనే.

మిర్యాలగూడ_కోడర్:
మీరు చెప్పింది కరెక్టే గని నా బాధ వేరే. ఈ పిల్లగాని ఎన్‌డీవీఐ జవాబు రెండు వెర్షన్లల ఒక్కటే వస్తది. జవాబు మారనప్పుడు ర్యామ్ ఎందుకు తినాలె? హైదరాబాద్ ఆఫీసుల 32 జీబీ లాప్‌టాప్‌లు ఉంటయ్, ఇక్కడ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌ల 4 జీబీ సిస్టమ్‌ల మీద ముగ్గురు పిల్లలు కూసుంటరు. డిఫాల్ట్ (మనం చెప్పకపోతే అదే పెట్టుకునే రకం) మార్చెటోళ్లకు ఈ ల్యాబ్‌లు యాదికుండాలె.

నల్లగొండ_నీటిలెక్క:
ల్యాబ్‌ల గురించి మీతోనే ఉన్న. కాని పాత డిఫాల్ట్ నాకు చేసింది చెప్తా. రోజూ ప్రాజెక్టుకు వచ్చిన క్యూసెక్కులను 86,400తో (రోజుల ఉండే సెకన్లు) గుణించి ఘనపుటడుగులు చేసి టీఎంసీలు తీసేది నా పని. 25 వేల క్యూసెక్కులు ఒక్క రోజు వస్తే 216 కోట్లు. 32 బిట్ల ఇంట్ 214 కోట్ల 74 లక్షల కాడ ఆగిపోతది. జవాబు మైనస్ 213 కోట్ల 49 లక్షలు వచ్చింది, ఎర్రర్ లేదు వార్నింగ్ లేదు. అది మైనస్ కాబట్టి దొరికింది. 50 వేల క్యూసెక్కుల రోజు చూడుండ్రి, 432 కోట్లు రావాల్సిన కాడ రెండున్నర కోట్లు వచ్చింది, ప్లస్‌లనే, చూసెటోనికి మంచిగనే కనబడ్తది. వరద రోజు నీళ్లు మొత్తం మాయమైనయ్, నేను నెల రోజులు అదే షీట్ పంపిన. ఇప్పటికీ తల్సుకుంటే కడుపుల దేవినట్టయితది. అసుంటి డిఫాల్ట్ నాకు మళ్ల వద్దు.

జడ్చర్ల_పిక్సెల్:
ఫ్లోట్32 పెట్టిన అన్నా. బ్యాండ్లు తగ్గినయ్, కాని ఆఫ్‌సెట్ (ప్రతి పిక్సెల్‌ల కలిపి ఉండే అంకె) తీసేసే లైన్ కాడ మళ్ల 960కి ఎగురుతుంది. 2022 జనవరి తర్వాతి ఫొటోలకు 1000 తీసెయ్యాలె గదా, ఆ 1000ని టేబుల్‌ల నుంచి పాండాస్ (టేబుల్‌లు చదివే లైబ్రరీ)తో తీసుకుంటున్న.

దేవరకొండ_డేటా:
తమ్ముడూ, తంటా ఆ వెయ్యి కాడనే. పాండాస్ ఇచ్చేది ఉత్త అంకె కాదు, 64 బిట్ల నంపై అంకె. నంపై 1 ల అర్రే పెద్దది, అంకె ఒక్కటే అని అర్రే మాట చెల్లేది, ఫ్లోట్32గనే ఉండేది. 2 ల ఎవరి రకం పెద్దదైతే వాళ్ల మాటే చెల్లుతది, అర్రే మొత్తం ఫ్లోట్64 అయితది. ఆ అంకెను ఫ్లోట్()ల చుట్టు, మామూలు పైథాన్ అంకె అయితది, అప్పుడు మళ్ల అర్రే మాటే చెల్లుతది. నా లెక్కల 64 బిట్ల ఇంట్ కంటే ఎక్కువమందిని ఏడిపిచ్చేది ఇదే.
ఇంకో సంగతి, వాపస్ పోదామనుకునేటోళ్లు పైథాన్ ఏది ఉందో చూసుకోండ్రి. 3.13 ఉంటే 1.26 రెడీమేడ్‌గ దొరకదు, పైథాన్ గూడ దించాల్సొస్తది.

జడ్చర్ల_పిక్సెల్:
అక్కా, అయింది!! ఫ్లోట్ల చుట్టిన, రెండున్నర జీబీ కాడ ఆగింది, క్రోమ్ తెరిచే ఉంది. కోయిల్‌సాగర్ నీళ్లు మైనస్‌ల, కింద పొలాలు 0.7 పైన, మంచిగ వచ్చినయ్.

మిర్యాలగూడ_కోడర్:
మంచిది తమ్మీ. నేనైతే మా 4 జీబీ సిస్టమ్‌ల మీద ఈ సెమిస్టర్ 1.26 తోనే నడిపిస్త, సెలవులల్ల మారుస్త. నీటిలెక్క అన్నా, ఆ 86,400 లెక్క మాత్రం రేపు మా పిల్లలతోని చేపిస్త.