పాట్ రోస్ట్: ఇన్‌స్టంట్ పాట్‌లో గంటన్నరా, ఓవెన్‌లో నాలుగు గంటలా?

డాలస్ కోడలు: ఆదివారం రాత్రి భోజనానికి అత్తయ్యగారు, మామయ్యగారు, ఆడపడుచు వాళ్లూ వస్తున్నారు. పిల్లలేమో పాట్ రోస్ట్, అంటే పెద్ద మాంసం ముక్కను మూతపెట్టి పులుసులో మెత్తగా ఉడికించేది, కావాలని ఒకటే పట్టు. పెద్దవాళ్లు బీఫ్ ముట్టరు కాబట్టి ఎముక తీసిన లాంబ్ షోల్డర్ (గొర్రెపిల్ల భుజం మాంసం) తెచ్చాను, మూడున్నర పౌండ్లుంది. ఇన్‌స్టంట్ పాట్‌లో, అదే కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో, గంటన్నరలో అయ్యేదానికి మధ్యాహ్నమంతా ఓవెన్ ఎందుకంటారు మా ఆయన. నాకేమో డచ్ ఓవెన్‌లో, అంటే మూతున్న బరువైన ఇనుప గిన్నెలో పెట్టి, ఓవెన్‌లో నిదానంగా చేయాలనుంది. ఎవరి మాట వినాలి?

కుక్కర్ పార్టీ: బావగారి మాటే అక్కా. షోల్డర్ గట్టిగా ఉండేది కొలాజెన్ అనే ప్రొటీన్ వల్ల. అది జెలటిన్‌గా కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. మామూలు గిన్నెలో పులుసు ఎంత మరిగినా 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. ప్రెషర్‌లో 115 దాకా పోతుంది, అందుకే టైం సగానికి పైగా తగ్గుతుంది. చిన్నప్పటి నుంచి విజిల్స్ లెక్కపెట్టి మటన్ తిన్నవాళ్లమే, ఇక్కడికొచ్చాక ఈ డచ్ ఓవెన్ భక్తి ఏంటో!

ఓవెన్ రమణి: తమ్ముడూ, మెత్తదనం దగ్గర గొడవే లేదు. గ్రేవీ సంగతి చెప్పు. కుక్కర్‌లో పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి, మాంసం వదిలిన నీరు అదనం. ఓవెన్‌లో 300 ఫారెన్‌హీట్ దగ్గర మూడున్నర, నాలుగు గంటలు ఉంచితే మూత సందుల్లోంచి కాస్త ఆవిరి పోయి పులుసు చిక్కబడుతుంది. నీళ్లకు పైన తేలిన మాంసం ఎర్రగా రంగు తిరుగుతుంది. గిన్నె గోడలకు అంటుకున్న నల్లటి పట్టును గరిటెతో గీకి గ్రేవీలో కలిపావనుకో, ఆ రుచి ఏ కుక్కర్‌లోనూ రాదు.

నైట్ షిఫ్ట్ నర్స్: మీ ఇద్దరి మధ్యలో స్లో కుక్కర్‌ను మర్చిపోయారు. 'లో' (తక్కువ వేడి) మీద ఎనిమిది గంటలు పెట్టి పడుకుంటాను, లేచేసరికి కూర రెడీ. స్టాక్ (ఎముకలు ఉడికించిన నీళ్లు) మాత్రం అర కప్పుకు మించి పోయను. మాంసాన్ని ముందు పెనం మీద వేయించుకోండి, లేకపోతే రసమంతా బయటికి కారిపోతుంది.

కుక్కర్ పార్టీ: వేయిస్తే రసం లోపల ఉండిపోతుందన్నది వట్టి మాట నర్స్ గారూ. పెనం మీద చుర్రుమనేది ఆ రసమే కదా! వేయించాల్సిందే, కానీ రంగు కోసం, వాసన కోసం. రమణి గారూ, గ్రేవీ పలచనైతే ముక్క బయటికి తీసి, మూత లేకుండా వేయించే సాటే మోడ్‌లో పది నిమిషాలు మరిగిస్తే సరి. ప్రెషర్‌ను మాత్రం గబుక్కున వదలకండి, ముక్క బిరుసెక్కుతుంది. పావుగంట దానంతట దాన్నే దిగనివ్వాలి.

డెన్వర్ బాబాయ్: మా ఊళ్లో ఈ చర్చే లేదు, కుక్కరే గతి. 1600 మీటర్ల ఎత్తు, నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి. ఓవెన్‌లో పెడితే భోజనం ఎన్నింటికో చెప్పలేం. డాలస్‌లో ఆ బాధ లేదు కాబట్టి నా ఓటు ఓవెన్‌కే.

ఓవెన్ రమణి: మూత వదులుగా ఉంటే మరీ ఆరిపోతుంది, దమ్ బిర్యానీకి పిండి పెట్టినట్టు ఫాయిల్ బిగించమ్మా. అసలైతే శనివారమే వండేయ్. ఫ్రిజ్‌లో లాంబ్ కొవ్వు పైన గడ్డ కడుతుంది, చెంచాతో తీసేయొచ్చు. చల్లటి ముక్క చెదరకుండా స్లైసులు కూడా వస్తాయి.

డాలస్ కోడలు: మీరు చెప్పింది బాగానే ఉంది గానీ, మామయ్యగారు నిన్నటి కూర ముట్టరు. వాసన చూసే పట్టేస్తారు!

కుక్కర్ పార్టీ: ఇంకేం, ఆదివారం నాలుగింటికి ఇన్‌స్టంట్ పాట్ ఆన్ చేయండి.

ఓవెన్ రమణి: నాలుగింటికి కాదు, రెండింటికల్లా ఓవెన్‌లో పెట్టేయ్. క్యారెట్, బంగాళాదుంపలు చివరి గంటలో వేయి, ముందే వేస్తే ముద్దవుతాయి. ఫోర్కు గుచ్చి తిప్పితే ముక్క విడిపోవాలి, విడిపోకపోతే ఇంకో అరగంట. ఆలోపు మీ ఆయన చేత సలాడ్ కోయించు.