చర్చ: బొమ్మల కోసం పసిపిల్లల చేత పచ్చి ఆకులు కోయించవచ్చా?

టెక్కలి టీచరు:
మా అయిదేళ్ళ పిల్లలను చెరువుగట్టు మీది రావిచెట్టు కిందికి తీసుకువెళ్ళి ఆకుల అచ్చులు తీయించాను. ఈనెలు ఉబ్బిన వెనుకవైపు పైకి ఉండేలా ఆకును పెట్టి, దాని మీద పలుచని కాగితం పరచి, క్రేయాన్‌ను అడ్డంగా పట్టుకుని రుద్దితే ఈనెల అల్లిక అంతా కాగితం మీదికి తేలివస్తుంది. రావి ఆకుకు తోక ఉందనీ, మర్రి ఆకుకు లేదనీ పిల్లలే కనిపెట్టారు. అయితే పచ్చి ఆకులు కోయించి ప్రకృతి మీద ప్రేమ నేర్పడమేమిటని ఒక తల్లి నిలదీశారు. మీ అభిప్రాయం చెప్పండి.

ఉద్దానం రైతు:
ఆ తల్లి అడిగినది సబబే. రాలిన ఆకులుండగా కొమ్మ మీద చేయి వేయడమెందుకు?

టెక్కలి టీచరు:
ఎండుటాకు రుద్దగానే పొడి అయిపోతుందండీ. పిల్లకు ఒక్క ఆకు చొప్పునే కోయించాను.

బొబ్బిలి అమ్మమ్మ:
మేము గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు కోసినవాళ్ళమే. పిందె ఉన్న పువ్వును ముట్టుకోకుండా పోతుపువ్వునే కోయమని మా అమ్మ చెప్పేది. ఏది కోయాలో, ఏది వదలాలో అలాగే తెలిసింది.

ఉద్దానం రైతు:
ఒక్క ఆకే అని అందరూ అంటారు. నిరుడు ఒక బడి పిల్లలు మా తోటకు వచ్చి అలంకరణ కోసం జీడిపూత విరుచుకుపోతుంటే, వెంట ఉన్న టీచరు ఫోటోలు తీస్తూ నిలబడ్డారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా కొబ్బరి చెట్లు కూలిపోయాయి. మళ్ళీ నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుందని ఆ టీచరుకు తెలుసా?

విజయనగరం నాన్న:
మా బడిలో ఆకుల నెమలిని చేసి తెమ్మన్నారు. నా భార్య అర్ధరాత్రి వరకు కూర్చుని అతికించింది. బహుమతి మా అబ్బాయికి వచ్చింది, కానీ వాడు ఒక్క ఆకునూ ముట్టుకోలేదు. ముందు దాని సంగతి మాట్లాడండి.

టెక్కలి టీచరు:
రైతుగారూ, మీ తోటలో జరిగినది తప్పే, కానీ ఆ తప్పుకు నన్ను దోషిని చేయకండి. పక్షులు విడిది చేసే తేలినీలాపురంలో గూడబాతులను (పెలికాన్లను) మా పిల్లలు రెండు నిమిషాలు చూసి విసుగుపడ్డారు. బొమ్మ గీయమన్న తరువాతనే, ముక్కు కింద సంచి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడడానికి మళ్ళీ మళ్ళీ తలెత్తారు.

ఉద్దానం రైతు:
నా బాధ ఆకు గురించి కాదమ్మా. బొమ్మ పూర్తికాగానే మీ పిల్లలకు ఆ చెట్టుతో పని తీరిపోతుంది. మా పిల్లలు బిందెలతో నీళ్ళు మోసి మొక్కలను బతికించారు. మీరు చెట్టును చూడడం నేర్పుతున్నారు, పెంచడం నేర్పాలని నేనంటున్నాను.

టెక్కలి టీచరు:
అయిదేళ్ళ పిల్ల బిందె మోయలేదు, చూడగలదు. అందుకే నెలనెలా అదే రావిచెట్టు కిందికి తీసుకువెళ్తాను. ఆకు రాల్చినప్పుడు ఒక బొమ్మ, ఎర్రని చిగురు వేసినప్పుడు మరొకటి గీస్తారు. మీరు సరేనంటే జీడి తోటకూ తీసుకువస్తాను. కాగితాలు, క్రేయాన్లు తప్ప మరేమీ తీసుకురాము.

ఉద్దానం రైతు:
పూత నిలిచి పిందె పడ్డాక తీసుకురండి. కింద రాలినదంతా పిల్లలదే. మొక్కలకు నీళ్ళు పోయడానికి చిన్న చెంబులు నేను సిద్ధం చేస్తాను.