అప్‌డేట్: ఫోర్త్, ఫిఫ్త్ తేడా చెవికి దొరకడం లేదన్న నా ప్రశ్న (తీరింది)

కాలేజీ మ్యూజిక్ థియరీ మొదటి సెమిస్టర్‌లో పర్‌ఫెక్ట్ ఫోర్త్‌నీ ఫిఫ్త్‌నీ (రెండు స్వరాల మధ్య ఉండే రెండు రకాల దూరాలు) విని గుర్తుపట్టలేకపోతున్నానని కొన్నాళ్ల కిందట అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

పనిచేసింది "విని ఊహించకు, ముందు పాడు" అన్న సలహానే. లెక్చరర్ ముందు పాడితే అసలు సంగతి బయటపడింది. రెండు స్వరాల్లో ఏది కింద ఉంటే దాన్నే నేను 'స' అనుకుంటున్నానట! పాశ్చాత్య స్వరాల్లో సి నుంచి పైన ఉన్న జి ఫిఫ్త్, 7 సెమిటోన్లు (సెమిటోన్ అంటే పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న దూరం), అంటే స–ప. అదే జి నుంచి పైన ఉన్న సి ఫోర్త్, 5 సెమిటోన్లు, అంటే ప–పై స. ఉన్నవి అవే రెండు స్వరాలు, తికమక పడక ఏం చేస్తాం. ఇప్పుడు రెండూ కూనిరాగంగా తీసి, ఏ స్వరం మీద ఆగితే పాట ముగిసినట్టు అనిపిస్తుందో చూస్తున్నాను. పైదైతే ఫోర్త్, కిందిదైతే ఫిఫ్త్.

కొత్త హెడ్‌ఫోన్స్ దండగ ఖర్చు. వినికిడి లోపమేమోనన్న టెన్షన్ కూడా అనవసరమే. రోజుకు పది నిమిషాల చొప్పున మూడు వారాలు పట్టింది. మొన్నటి టెస్టులో 20కి 18 వచ్చాయి. పోయిన రెండూ ట్రైటోన్‌లే (ఫోర్త్‌కీ ఫిఫ్త్‌కీ మధ్యలో ఉండే 6 సెమిటోన్ల దూరం), వాటి పని ఇక పట్టాలి.